ఆగని అడుగుకు ఒక్కటే కడియం

తెల్లవారింది. ధూమ్రగిరి కొండ కొనల మీద పొగమంచు కుంకుమ కలిపిన పాలలాగా పొంగి, కోట బురుజుల మీదుగా జారి, బంగారు కలశాలను తడిపి, ఘోషవతీ నది పొడవునా పరుచుకున్నది. ప్రాకారాల మీద నెమళ్ళు పింఛాలు దులుపుకున్నాయి. ఏనుగుల సాలలో గంటలు గణగణమన్నాయి. అంత చక్కని ఉదయాన కోట ముంగిట చేరిన జనం మాత్రం కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎందుకంటారా? కమ్మరి కొండోజు కొలిమి రాజేశాడు.

ఆ కొలిమి సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ తలకెక్కదు. ధూమ్రగిరి రాజ్యంలో ఉరికంబం లేదు, చెరసాల అంతకన్నా లేదు. నేరం రుజువైనవాడి కాలికి ఇనుప కడియం తొడిగి, చీల కొట్టి బిగించి, ఘోషవతిలోకి దింపుతారు. నేరానికొక కడియం. ఈది అవతలి గట్టు తాకాడా, శిక్ష తీరినట్టే, వాడు మళ్ళీ మనుషుల్లో మనిషి. ఒక్క కడియంతో ఈదిన గజఈతగాళ్ళు ఉన్నారు. రెండింటితో బయటపడ్డవాణ్ణి ముసలివాళ్ళెవరో చూశారంటారు గానీ, ఆ ముసలివాళ్ళెవరో ఎవరికీ తెలియదు. మూడంటే ఇక మాట్లాడుకోవడం అనవసరం. ఆ పొద్దున కొండోజు కొలిమిలో ఐదు ఇనుప కమ్మీలు ఎర్రగా కాలుతున్నాయి. ఐదూ ఒక్కడి కోసమే.

ఆ ఒక్కడు సారంగుడు. పుట్టుకతో రాజూ కాదు, మంత్రి కొడుకూ కాదు. పొగరుబోతు గుర్రాలను లొంగదీసి సవారీ నేర్పే యువకుడు. వాడు చేసిందల్లా రాజగురువు కరాళదంతుడి కాపుదలలో ఉన్న రాజుగారి తెల్లగుర్రాన్ని పట్టపగలు తోలుకుపోవడం. అయితే అది గుర్రమా? కాదు. వేటకు వెళ్ళి మాయమయ్యాడని దేశమంతా ఏడ్చిన యువరాజు వసంతకేతుడు. పైకి గురువు, లోన మాంత్రికుడు అయిన ఆ కరాళదంతుడే అతన్ని గుర్రంగా మార్చి, కన్నతండ్రి చేతనే కళ్ళెం పట్టించి సవారీ చేయించాడు. ఎంత పాపిష్టి బుద్ధో చూడండి! ఈ పౌర్ణమి నాడు పొద్దు గూకేలోగా ఆ గుర్రం అవతలి అడవిలోని పాలమడుగులో మునిగితే మనిషవుతుంది. మునగకపోతే జన్మంతా గుర్రమే. ఇదంతా మాంత్రికుడి తాళపత్రంలో రాసి ఉండగా సారంగుడి కంటపడింది. పోనీ రాజుగారికి చెప్పేద్దామా అంటే, ఆ రహస్యం నోట వచ్చిన మరుక్షణం శాపానికి ఇక విరుగుడు లేదు.

సారంగుడు గుర్రాన్ని నది దాటించి, అవతల ఈతచెట్ల గుబురులో దాచాడు కూడా. అక్కడే ఉండవలసినవాడు ఉన్నాడా? సాలలో పెరిగిన గుర్రం పచ్చిగడ్డి ముట్టడం లేదని, ఉడికించిన ఉలవల కోసం ఇవతలికి తిరిగొచ్చాడు. గుర్రాలవాడికి తన ప్రాణం కన్నా గుర్రం కడుపే ముందు గుర్తొస్తుంది మరి. ఉలవల మూటతో సహా రేవులో దొరికిపోయాడు. గుర్రం ఎక్కడుందో ఎంత అడిగినా చెప్పలేదు. ఇప్పుడు పౌర్ణమి రానే వచ్చింది.

కోట ముంగిట సింహాసనం వేశారు. మకరకేతు మహారాజు కూర్చున్నాడు. కొడుకు పోయిన దిగులుతో ఆయన మొహం ఎండిన తామరాకులా ఉంది. పక్కనే కరాళదంతుడు, పులితోలు కప్పుకుని, వేళ్ళు మడుస్తూ నిలబడ్డాడు.

"గోడ దూకినందుకు ఒక కడియం. గడియ విరిచినందుకు ఒకటి. గుర్రాన్ని విప్పినందుకు ఒకటి. కావలివాడి తల పగలగొట్టినందుకు ఒకటి. పొలిమేర దాటించినందుకు ఒకటి. వాడే ఒప్పుకున్నాడు ప్రభూ, ఇక ఆలస్యం దేనికి?"

"చేశానని ఒప్పుకున్నాను. ఐదు చేశానని ఒప్పుకోలేదు," అన్నాడు సారంగుడు. "ప్రభూ, నేను తిన్నది ఒక్క ముద్ద. కలిపినందుకొక పాపం, ఎత్తినందుకొక పాపం, నమిలినందుకొకటి, మింగినందుకొకటి అని వడ్డిస్తే బతికేదెట్లా? నాకు కావలసింది గుర్రం. గుర్రం గోడ లోపల ఉంది. గోడ దూకకుండా, గడియ తియ్యకుండా, కట్టు విప్పకుండా గుర్రాన్ని బయటికి తేవడం ఏ మంత్రాలవాడికైనా చేతనవుతుందేమో గానీ నాకు చేతకాదు."

మంత్రాలవాడన్న మాటకు జనం కిసుక్కుమన్నారు. కరాళదంతుడి కనుబొమలు తేళ్ళలా లేచాయి.

"వాడి నాలుక చూశారా ప్రభూ! గోడ ఎక్కినవాడు దిగిపోవచ్చు. దిగాడా? గడియ దగ్గర సిగ్గుపడి తిరిగిపోవచ్చు. పోయాడా? తిరిగిపోగలిగిన ప్రతి చోటా మళ్ళీ తెగించాడు. తెగించిన ప్రతిసారీ కొత్త నేరమే. ఐదు చేసినవాడికీ ఒక్క శిక్షే వేస్తే, రేపటి నుంచి దొంగన్నవాడు ఒక్కదానితో ఊరుకుంటాడా?"

మహారాజు గడ్డం నిమురుకున్నాడు. "రెండు మాటలూ నిజంలాగే వినిపిస్తున్నాయే!" అని ధర్మాధికారి మేఘపాలుడి వంక తిరిగాడు. మేఘపాలుడు పండు ముసలి. మోకాళ్ళు పని చెయ్యవు, పల్లకీ దిగడు. బుర్ర మాత్రం పాదరసం.

"ఇది నోటితో తేలేది కాదు. కాళ్ళతో తేల్చండి," అన్నాడు ఆయన. "నడక తీర్పు!"

జనం హోరెత్తారు. నడక తీర్పంటే ఆ రాజ్యంలో పాతకాలపు పద్ధతి. దోషి తాను నేరం చేసిన దారినే, చేసిన వరసలోనే మళ్ళీ నడిచి చూపించాలి. అడుగు ఆగనంత మేరా ఎన్ని పనులు చేసినా అదంతా ఒక్క బుద్ధితో చేసిన ఒక్క నేరం. అడుగు ఆగిన చోట మనసుకు ఆలోచించుకునే తీరిక దొరికినట్టు లెక్క. అక్కడి నుంచి ఇంకొక నేరం, ఇంకొక కడియం. పెద్ద రాజుగారెవరో అలా పెట్టిపోయారు. కొండోజు కొలిమి బండితో వెంటే నడిచి, కాలు నేల మీద ఊరుకున్న క్షణాన సుత్తి దించుతాడు. సుత్తి దిగిందంటే మహారాజైనా వెనక్కి తియ్యలేడు.

"కావలివాడి తల సంగతి మాత్రం చివర చూస్తాను," అన్నాడు మేఘపాలుడు. "అది నడిస్తే తెగేది కాదు."

కరాళదంతుడు పెదవి కొరుక్కుని, అంతలోనే చిరునవ్వు పులుముకున్నాడు. "శుభం! దోషైనా బిడ్డలాంటివాడే, దీవించి పంపుతాను," అంటూ సారంగుడి నుదుట బూడిద రాశాడు. అది ఏ యజ్ఞపు బూడిదో కాదు, శ్మశానంలో మంత్రించింది. నుదుట ఉన్నంతసేపూ లేనివన్నీ ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ సంగతి ఎవరికి తెలుసు?

నగారా మోగింది. సారంగుడు కదిలాడు.

గోడ దాకా పరుగు. రాళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చి, బల్లిలా పాకి పైకెక్కాడు. ఎక్కి చూస్తే, గోడ అవతల నేలే లేదు! అడుగు కనపడని అగాధం. అందులో తాటిమానుల్లాంటి పాములు పడగలు విప్పి ఆడుతున్నాయి. వాటి కళ్ళు దివిటీలు, వాటి బుసలు కొలిమి తిత్తులు. కాలు గోడ మీద ఊరుకోబోయింది. కింద కొండోజు సుత్తి ఎత్తాడు.

అప్పుడు ఘుమ్మని పేడ వాసన కొట్టింది.

"మొన్న నేను దూకింది పేడకుప్పలోకే. పాముల గోతిలో గుర్రప్పేడ వాసనేమిటి?" అనుకున్నాడు. అనుకున్నదే తడవు దూకాడు. మోకాళ్ళ దాకా పేడలో దిగబడి, అందులోనే తొక్కుకుంటూ బయటపడ్డాడు. పాములూ లేవు, పడగలూ లేవు. ద్వారం గుండా బండి తోలుకొచ్చిన కొండోజు ముక్కు మూసుకున్నాడు.

"ఓరి నీ దుంప తెగ! శుభ్రమైన చోటు చూసి దూకరాదట్రా?"

"మొన్న దూకిన చోటే దూకాలి గదా మావా!"

"మావా గీవా అనకు. నీకు మావనైతే సుత్తి బరువెక్కుతుంది," అని గొణిగాడు కొండోజు.

ఇంతలో ఎదురుగా గుర్రాల సాల భగ్గుమన్నది. మంటలు తాటిచెట్టు ఎత్తున లేచాయి. దూలాలు విరిగి పడుతున్నాయి. గుర్రాలు తోకలకు నిప్పంటుకుని గిలగిల కొట్టుకుంటున్నాయి. గుర్రాలవాడికి అంతకన్నా నరకం ఉంటుందా? అడుగు తడబడింది, కళ్ళు నీళ్ళతో నిండాయి. కానీ చెవులు? చెవులకు వినిపిస్తున్నది తాపీగా దాణా నములుతున్న చప్పుడు. కరకర, కరకర. కాలుతున్న గుర్రం ఎక్కడైనా దాణా తింటుందా! సారంగుడు కళ్ళు గట్టిగా మూసుకుని మంటల్లోకి నడిచాడు. ఒంటికి సెగ తగల్లేదు. తడుముకుంటూ తలుపు పట్టుకున్నాడు. కొత్త గడియ బిగించారు, మొన్నటి దానికి రెండింతలు. ఒంటికాలి మీద నిలబడి విరిచేది కాదది. కానీ కాళ్ళు ఊరుకోకూడదు. అందుకని చిందు తొక్కినట్టు రెండు కాళ్ళూ మార్చి మార్చి వేస్తూ, భుజంతో మోదాడు. మోదాడు, మోదాడు. చెమట కాలవలు కట్టింది. ఆ చెమటతోనే నుదుటి బూడిద కొట్టుకుపోయి, మంటలు దీపం ఆర్పినట్టు ఆరిపోయాయి. గడియ ఫెళ్ళున విరిగింది.

"ఆగలేదు!" అరిచారు జనం.

"ఆగలేదు," అన్నాడు కొండోజు, ఎత్తిన సుత్తి భుజాన వేసుకుంటూ.

లోపల తెల్లగుర్రం ఉండవలసిన చోట దానికి బదులు ఒక గుర్రాన్ని కట్టారు. "తెల్లదానికి తెల్లదే ఉండాలి," అని కరాళదంతుడే పురమాయించాడు. సారంగుడు దాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు. అది ఊరేగింపుల బంగారి! పండగ పండగకూ పల్లకీ ముందు నడిచే ముసలి ఆడగుర్రం. బంగారు గంటలు, పట్టు జూలుకుచ్చులు, పెళ్ళికూతురు లాంటి నడక, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఊళ్ళో ఏ గడప ముందైనా ఠక్కున ఆగిపోతుంది. బెల్లం పెట్టి దణ్ణం పెట్టేదాకా కదలదు. పుట్టి బుద్ధెరిగాక దానికి వచ్చిన అలవాటు అదొక్కటే. అక్కడి నుంచి నది దాకా వీధి నిండా గడపలే.

చేసేది లేదు. కట్టు విప్పి నడిపించాడు. సాల ద్వారం దగ్గర కావలివాడు తిప్పడు, తలకు ఇంత గుడ్డ చుట్టుకుని, తన చోట తాను నిలబడి ఉన్నాడు. మొన్న సారంగుడు గడియ కర్రతో కొట్టింది ఇతన్నే. ఇప్పుడు కొట్టనక్కర్లేదు, పక్కనుంచి దాటిపోతే చాలన్నారు.

"తిప్పన్నా, తల ఎట్లా ఉంది?" అడిగాడు సారంగుడు నడుస్తూనే.

తిప్పడు కూడా పక్కనే నడక మొదలుపెట్టాడు. "ఎట్లా ఉంటుంది? కుండలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుంది. అన్నా అంటున్నావు, కొట్టేటప్పుడు గుర్తు లేదా అన్నని?"

"మాట్లాడే తీరిక లేకపోయింది."

"ఒక్క మాట! తప్పుకో అంటే తప్పుకుని ఉండేవాణ్ణేమో! ఎవరు కనుక్కున్నారు? గుర్రం పోయిందని రాజుగారు ఏడ్చారు, గడియ పోయిందని దివాణం ఏడ్చింది. నా తల పోయిందని ఒక్కడడిగాడా?"

"నేను అడిగాను గదా."

"నువ్వే కొట్టి నువ్వే అడిగితే అది లెక్కలోకి రాదు," అని తిప్పడు విసుక్కుంటూ వెనకబడ్డాడు.

సారంగుడు బంగారి మీదికి ఎగిరి కూర్చున్నాడు. వీధి మొదలైంది. రెండు వైపులా ఎత్తరుగులు, ముగ్గులు, మామిడాకులు, మేడల మీద నుంచి పూలు. మొదటి గడప రానే వచ్చింది. బంగారి ఠక్కున ఆగింది. కొండోజు సుత్తి లేచింది.

సుత్తి దిగేలోపు సారంగుడు జారి కిందికి దూకి గుర్రం చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. గిరగిరా తిరుగుతూనే ఉన్నాడు.

"ఆగింది! ఆగింది!" చప్పట్లు చరిచాడు కరాళదంతుడు. "కొట్టవయ్యా సుత్తి!"

కొండోజు పల్లకీ వంక చూశాడు. మేఘపాలుడు తెర తొలగించి తల బయటపెట్టాడు. "ఆగింది ఎవరు?"

"గుర్రం, స్వామీ."

"నేరం చేసింది గుర్రమా, మనిషా?"

"మనిషి."

"మనిషి కాళ్ళు ఆగాయా?"

"ఎక్కడ స్వామీ, చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి!"

"అయితే సుత్తి దించు. కింద కాదు, భుజాన."

గడపలో నిలబడ్డ ఇల్లాలు గలగలా నవ్వింది. ఎర్రంచు చీర, చేతిలో చేట. "ఒరే అబ్బాయ్, ఎంతసేపని తిరుగుతావురా? బెల్లం కనపడకపోతే అది కదలదు. ఇదిగో, పట్టు!" అని అచ్చు బెల్లం ముక్క విసిరింది. సారంగుడు తిరుగుతూనే దాన్ని అందుకుని బంగారి ముక్కు ముందు ఆడించి, నోటికి అందకుండా వెనక్కి వెనక్కి నడిచాడు. బంగారి మెడ సాచి, నాలుక చాచి, పెళ్ళికూతురి నడక మాని పరుగు లంకించుకున్నది.

"బెల్లం దొంగతనం!" కేకపెట్టాడు కరాళదంతుడు. "అది ఆరో నేరం!"

"నేనిచ్చానయ్యా స్వామీ! ఇచ్చినదాన్ని నేను, దొంగతనమని నువ్వంటావేంటి? నీ మొహానికి ఎప్పుడైనా ఒక ముక్క ఇచ్చామా?" అని ఆవిడ చేట ఊపింది. వీధి వీధంతా విరగబడి నవ్వింది. ఆపైన ప్రతి గడపలోంచీ బెల్లం ముక్కలే. సారంగుడు వెనక్కి నడుస్తూ, గుర్రం ముందుకు ఉరుకుతూ, వెనక కొలిమి బండి ఎగిరెగిరి పడుతూ, పల్లకీ బోయీలు రొప్పుతూ, రాజుగారు ఏనుగు మీద ఊగుతూ, అంతా కలిసి మిట్టమధ్యాహ్నానికి ఘోషవతి ఒడ్డున పడ్డారు. సారంగుడి కాలు నీటిని తాకింది. అదే పొలిమేర. నడక పూర్తయింది. సుత్తి ఒక్కసారి కూడా దిగలేదు.

మేఘపాలుడు పల్లకీలోంచే తీర్పు చెప్పాడు. "గోడ, గడియ, కట్టు, పొలిమేర. నాలుగూ ఒకే దారి, ఒకే బుద్ధి. ఒకటి చెయ్యకుండా ఇంకొకటి చెయ్యలేడు. నాలుగూ కలిసి ఒక్క నేరం. ఒక్క కడియం!"

జనం తలపాగాలు ఎగరేశారు. కరాళదంతుడి మొహం నల్లబడింది.

"ఇక కావలివాడి తల," అన్నాడు మేఘపాలుడు. "తిప్పా, ఇలా రా."

మహారాజుకు సారంగుడి మీద ఎందుకో జాలి పుట్టింది. ఆ వయసు కొడుకు గుర్తొచ్చాడేమో. "తిప్పా, నాలుగూ కలిశాయి గదా, నీది కూడా అందులో కలిపెయ్యరా. రెండు కడియాలతో వీడు మునిగిపోతాడు," అన్నాడు.

తిప్పడు దండం పెట్టాడు గానీ తల ఊపలేదు. "మహారాజా, గోడ తమరిది, గడియ తమరిది, గుర్రం తమరిది. కలిపినా విడదీసినా పోయేది తమ సొత్తే. తల నాది. దాన్ని తమ గుర్రం నేరంలో కలిపేస్తే, రేపు నన్నెవరైనా కొట్టారా అంటే, లేదు, గుర్రం పోయిందంతే అని చెప్పుకోవాలి. నేను కలపనివ్వను."

జనంలోంచి "ఓరి కఠినాత్ముడా!" అని కేకలు లేచాయి. ఎవరో బెల్లం ముక్క విసిరారు కూడా. తిప్పడు చెదరలేదు.

"అరవకండి!" అన్నాడు సారంగుడు. "తిప్పన్న చెప్పింది సబబు. గోడ దూకకపోతే గుర్రం దొరకదు. తిప్పన్నను కొట్టకపోయినా దొరికేదేమో. నేను అడిగి చూడలేదు." అని రెండో కాలు చాచాడు.

కొండోజు ముక్కు ఎగబీల్చుకుంటూ రెండు కమ్మీలు వంచి, నీళ్ళలో చల్లార్చి, కాలికొకటి చొప్పున చీలలు కొట్టి బిగించాడు. పొద్దు పడమటికి వాలడం మొదలైంది. పాలమడుగుకు ఇంకా అడవి దారంతా మిగిలే ఉంది. సారంగుడు వెనక్కి చూడకుండా దూకాడు.

ఘోషవతి అంటే ఏదో వాగనుకున్నారా! కొండల కోరల్లోంచి వెండి కరిగించి పోసినట్టు ఉరికి, బండలను నమిలి, సుడులలో ఏనుగు పిల్లలను సైతం తిప్పి పారేసే మహానది. చేపలు దాని మీద కత్తుల్లా ఎగిరి పడుతున్నాయి. సారంగుడు చేతులతో బారలు వేస్తున్నాడు. కాళ్ళు మాత్రం ఎవరో కింద నుంచి పట్టి లాగుతున్నట్టున్నాయి. తల మునుగుతుంది, తేలుతుంది. మునిగినప్పుడు జనం హా అంటారు, తేలినప్పుడు ఊపిరి వదులుతారు. నడిమి సుడి దాటాడు. ఇంకొంచెం. ఇంకొంచెమే.

అప్పుడు అవతలి గట్టున ఈతచెట్ల గుబురు చీల్చుకుని తెల్లగుర్రం బయటికొచ్చింది. సారంగుణ్ణి చూసి సకిలించి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది.

ఇవతలి గట్టున మహారాజు ఏనుగు మీదే లేచి నిలబడ్డాడు. "అది నా గుర్రమే కదూ? గురుదేవా, చూశారా?" అని పక్కకు తిరిగాడు. గురుదేవులు నిలబడ్డ చోట పులితోలు మాత్రమే పడి ఉంది.

నెత్తి మీదుగా ఒక రాబందు రెక్కలు తపతపలాడిస్తూ నది దాటింది. అవతలి గట్టున వాలీ వాలగానే కరాళదంతుడై లేచి, గుర్రం మెడకు ఉచ్చు వేసి, నడుము కత్తి దూసి దాని గొంతు మీద పెట్టాడు.

"రావోయ్ సారంగా! ఇంకొక్క బార వేశావంటే దీని రక్తం నీ నీళ్ళలో కలుస్తుంది."

పొద్దున్నుంచీ పాములకు ఆగనివాడు, మంటలకు ఆగనివాడు, అక్కడ ఆగాడు. చేతులు ఆగాయి. కాళ్ళకు రెండు కడియాలున్న మనిషి ఘోషవతిలో ఆగితే ఏమవుతుంది? రాయిలా మునిగాడు. పైన సుడి మూసుకుంది. బుడగలు లేచాయి. బుడగలు పలచబడ్డాయి.

ఇవతలి రేవులో తిప్పడు ఆ బుడగల వంక చూశాడు. తల గుడ్డ ఒకసారి సవరించుకున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, కొండోజు చేతిలో సుత్తీ ఉలీ లాక్కుని, రేవులో కట్టేసి ఉన్న పుట్టి పడవలోకి దూకి తాడు తెంపాడు.

"ఒరే తిప్పా, ఆగు!" భటులు బల్లేలు అడ్డం పెట్టారు. "శిక్షలో ఉన్నవాడికి సాయం చేస్తే నీకూ కడియమే!"

"సాయం ఎవడు చేస్తున్నాడు? నా కడియం నేను తెచ్చుకుంటున్నా!"

పల్లకీలో మేఘపాలుడు మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడగా చూసినవాళ్ళు ఆ రాజ్యంలో ఎవరూ లేరు. "వదలండి వాణ్ణి! కలిపేసి ఉంటే ఆ కడియం రాజుగారిది. విడిగా ఉంది గనక వాడిది. బిగించమన్నదీ వాడే, విప్పుకునేదీ వాడే. బల్లేలు దించండి!"

పుట్టి గిరికీలు కొడుతూ సుడి అంచుకు చేరింది. తిప్పడు భుజం దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి తడిమాడు. నాచు. మళ్ళీ తడిమాడు. జుట్టు! పట్టి లాగాడు. సారంగుడి తల పైకొచ్చింది, కళ్ళు మూతలు పడి ఉన్నాయి. తన కడియమున్న రెండో కాలు పుట్టి అంచు మీదికి ఎత్తి, ఉలి చీల మీద పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ, ఇంకొక దెబ్బ. కడియం ఊడి ఘోషవతి కడుపులోకి పోయింది.

సారంగుడు కక్కుకుంటూ, దగ్గుకుంటూ ఊపిరి తీశాడు. "తిప్పన్నా..."

"అన్నా గిన్నా తర్వాత. తల ఇంకా నొప్పిగానే ఉంది, పోయిందనుకోకు."

"రెండోది?"

"అది రాజుగారిది. నేను ముట్టుకోను. ఆ గట్టు తాకి నువ్వే తీర్చుకోవాలి."

గట్టు మీద కరాళదంతుడు, సారంగుడు మునిగిపోయాడనుకుని కత్తి దోపుకుని, గుర్రాన్ని ఉచ్చుతో అడవిలోకి ఈడుస్తున్నాడు. గుర్రం నాలుగు కాళ్ళూ ఇసుకలో పాతి పెనుగులాడుతోంది. పొద్దు కొండ భుజం మీదికి జారింది. సారంగుడు ఒంటి కడియంతో మళ్ళీ బార వేశాడు. అది చూసి మాంత్రికుడు సంచిలోంచి గుప్పెడు బూడిద తీసి నీళ్ళ మీద చల్లాడు. పుట్టి పక్కన తేలుతున్న ఎండు దుంగ నెమ్మదిగా కన్ను తెరిచింది. తర్వాత నోరు తెరిచింది. నోట్లో వరసగా పళ్ళు.

"తిప్పన్నా," అన్నాడు సారంగుడు, దాని మీద నుంచి కన్ను తిప్పకుండా, "నీకు ఈత వచ్చా?"

"రాదు!"

"అయితే నా భుజాలు గట్టిగా పట్టుకో. ఈసారి అడిగే చేస్తున్నాను."

మొసలి తోక పుట్టిని ఆకాశంలోకి లేపింది.